సాయంత్రం ఏడు గంటలకు

డీఅడిక్షన్ సెంటర్ నుంచి ఇంటికొచ్చిన మూడో వారంలో ఒకరోజు అన్నయ్య నాకు ఫోన్ చేశాడు. ఏడు కావడానికి ఇంకా పది నిమిషాలుంది.

"ఒరేయ్, ఇప్పుడు నేనేం చేయాలిరా?"

తాగాలనిపిస్తోందా అని గాభరాగా అడిగాను.

"అది కాదు. గది ఊడ్చాను. బట్టలు ఉతికాను. స్నానం చేశాను. ఇంకా ఏడు కూడా కాలేదు. పడుకోవడానికి నాలుగు గంటలుంది. ఈ నాలుగు గంటలూ మనుషులు ఏం చేస్తారు?"

నేను టీవీ చూడమన్నాను. ధైర్యంగా ఉండమన్నాను. మనసు గట్టిగా పెట్టుకుంటే సాధించలేనిది లేదన్నాను. ఆ మూడు మాటల్లో ఒక్కటి కూడా తనకి ఆ రాత్రి పనికిరాలేదని చాలా రోజుల తర్వాత తెలిసింది. తొమ్మిదేళ్ళ కిందటి మాట ఇది. ఇక్కడ రాసేదంతా అన్నయ్యకి చదివి వినిపించాకే రాస్తున్నాను. రెండు చోట్ల "అలా కాదురా జరిగింది" అని సరిదిద్దాడు కూడా.

వ్యసనం నుంచి, కష్టం నుంచి, ఆత్మీయుల చావు నుంచి బయటపడినవాళ్ళ గురించి మనం వినే కథల్లో ఎప్పుడూ ఒక పెద్ద రోజు ఉంటుంది. సీసా విసిరికొట్టిన రోజు. అద్దంలో ముఖం చూసుకుని ఏడ్చిన రోజు. బిడ్డ ఏదో ఒక మాట అంటే గుండె కరిగిన రోజు. కథ అక్కడితో మలుపు తిరిగిపోతుంది. ఆ మర్నాడు ఏం చేశాడో ఎవరూ చెప్పరు. ఆ మర్నాటికీ ఒక సాయంత్రం ఉంటుంది. ఆ తర్వాతి రోజుకీ ఉంటుంది. మనుషులు మళ్ళీ కూలిపోయేది ఎక్కువగా అక్కడే, ఏ పెద్ద సంఘటనా లేని ఆ గంటల్లోనే అని నా నమ్మకం. ఆ గంటల్లో వాళ్ళకి తోడుండాల్సిన భారాన్ని మనం తప్పు మనుషుల మీద పెడుతున్నామని కూడా నా నమ్మకం. ఆ రెండో మాట చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

వ్యసనం అన్న మాటకి తెలుగులో రెండు అర్థాలున్నాయి. విడవలేని చెడ్డ అలవాటు అన్నది అందరికీ తెలుసు. దుఃఖం, ఆపద అన్నది రెండోది. "వ్యసనపడకు" అంటే పాత తెలుగులో బాధపడకు అని. ఈ రెండూ ఒకే మాటలో ఎందుకున్నాయో నాకు మా ఇంట్లోనే అర్థమైంది. వదిన జబ్బు చేసి పోయేదాకా అన్నయ్య ఎప్పుడో నెలకొకసారి స్నేహితులతో తాగే మనిషి. ఆమె పోయాక సాయంత్రాలు తాగడం మొదలుపెట్టాడు. పగలు ఆఫీసు ఉండేది, రాత్రి నిద్ర ఉండేది. మధ్యలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునే సమయం ఒకటి ఖాళీ పడింది. ఏడింటికి మొదలయ్యేది ఆరింటికి వచ్చింది, తర్వాత మధ్యాహ్నానికి, చివరికి పొద్దున్నే చేతుల వణుకు తగ్గడానికి. రెండేళ్ళలో ఉద్యోగం పోయింది. కూతురు అమ్మమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పుడు దానికి పదిహేడేళ్ళు.

దుఃఖం వ్యసనానికి సాకు అని నేను అనడం లేదు. భార్యని పోగొట్టుకున్న వాళ్ళందరూ తాగుబోతులు కారు. తాగుడు ముదిరాక దానికి కారణం అంటూ ఏమీ అక్కర్లేదు, అది తనంతట తనే నడుస్తుంది. కానీ తాగుడు వదిలించేటప్పుడు కింద ఉన్న ఆ మొదటి ఖాళీ మళ్ళీ బయటపడుతుంది. మేము దాన్ని లెక్కలో వేసుకోలేదు.

మేము ముందు చేసిన తప్పు ఇంకా పెద్దది. దాన్ని దాచుకోకుండా చెప్పాలి, ఎందుకంటే ఇది చదివే వాళ్ళలో ఎవరో ఒకరు రేపు అదే చేయబోతుండొచ్చు. అన్నయ్య తనే "ఇక మానేస్తాను" అన్నాడు. అందరం సంతోషపడ్డాం. సీసాలన్నీ పారబోసి, ఒక గదిలో పెట్టి, బయట నుంచి గడియ వేశాం. మొదటి రాత్రి చేతులు, పెదాలు వణికాయి. ఒళ్ళంతా చెమట. ఇదంతా మామూలేనని, ఓర్చుకోవాలని గడియ ఇవతల నుంచి చెప్పాం. మూడో రాత్రి గోడ నిండా పురుగులు పాకుతున్నాయని అరిచాడు. వదిన వచ్చి తలుపు దగ్గర నిలబడిందన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది, నన్ను గుర్తుపట్టలేదు. అప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాం.

అక్కడ డాక్టరు మా మీద కేకలేసి, తర్వాత కూర్చోబెట్టి చెప్పారు. మద్యం మెదడుకి బ్రేకులా పనిచేస్తుంది. ఏళ్ళ తరబడి ఆ బ్రేకు నొక్కి ఉంచితే, దాన్ని తట్టుకుని నడవడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. ఒక్కసారిగా బ్రేకు తీసేస్తే ఆ వేగం ఆపేదేమీ ఉండదు. మానేసిన మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది. లేనివి కనపడతాయి, గుండె వేగం, జ్వరం పెరిగిపోతాయి, వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానేయాలంటే డాక్టరు కనుసన్నల్లోనే జరగాలి. విటమిన్ బి1 ఎక్కించాలి, మూర్ఛ రాకుండా మందులివ్వాలి. మేము ధైర్యం చెప్పి ఊరుకున్న ఆ మూడు రోజులూ అన్నయ్యకి కావాల్సింది ధైర్యం కాదు, సెలైన్.

సంకల్పబలం అనే మాట మీద నాకు గురి తగ్గింది ఆ రాత్రే. అది అబద్ధమని కాదు. మానేస్తానన్న మాట అన్నయ్య నోటి నుంచి రాకపోతే ఏదీ మొదలయ్యేది కాదు. కానీ అది తలుపు తీయగలదు, ఇల్లు కట్టలేదు.

తర్వాత కూడా బంధువులు "మందు మానడానికి మళ్ళీ మందులేమిటి" అన్నారు. రెండింటికీ ఒకటే మాట కావడం వల్ల ఆ వాదనకి లేని బలం వచ్చిందేమో అనిపిస్తుంది. తాగాలన్న తహతహ తగ్గించే నాల్‌ట్రెక్సోన్ అనే మందుని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1994లోనే తాగుడు చికిత్సకి ఆమోదించింది. రక్తపోటుకి మాత్ర వేసుకునే మనిషిని "నీకు మనోబలం లేదు" అని ఎవరూ అనరు. ఇక్కడ మాత్రం అంటారు.

సరే, సెంటర్‌లో కొన్ని వారాలుండి ఇంటికొచ్చాడు. అక్కడ రోజంతా ఒక లెక్క ప్రకారం నడిచేది. లేవడానికో టైము, కౌన్సెలర్‌తో మాట్లాడ్డానికో టైము, పక్కవాడు చెప్పేది వినడానికో టైము. ఇంట్లో ఏమీ లేదు. ఉద్యోగం లేదు. స్నేహితులంటూ మిగిలినవాళ్ళందరూ తాగే స్నేహితులే, వాళ్ళ దగ్గరికి పోకూడదు. అదే గది, అదే కుర్చీ, అదే కిటికీ. చుట్టూ ఉన్నవాళ్ళం అందరం ఒకటే మాట: "ఇక అంతా నీ చేతుల్లోనే ఉంది." ఖాళీ చేతులు చూపించి ఆ మాట అనడం ఎంత కఠినమో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఖాళీ సమయం మనిషిని ఏం చేస్తుందో నాకు బాగా అర్థం చేయించినది తాగుడు గురించిన పరిశోధన కాదు. ఆస్ట్రియాలో వియన్నాకి దగ్గర్లో మారియెన్‌తాల్ అనే ఊరుంది. ఊరంతా ఒక బట్టల మిల్లు మీద బతికేది. 1930 ప్రాంతంలో మిల్లు మూతపడి దాదాపు ఊరు ఊరంతా నిరుద్యోగులయ్యారు. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ సైజెల్ అనే ముగ్గురు పరిశోధకులు అక్కడి జీవితాన్ని దగ్గర నుంచి చూసి 1933లో ప్రచురించారు. జనానికి ఇప్పుడు బోలెడంత తీరిక కదా, లైబ్రరీ కిటకిటలాడాలి. జరిగింది అది కాదు. రుసుము తీసేసినా జనం తీసుకెళ్ళే పుస్తకాల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. వీధిలో మగవాళ్ళు నడిచే వేగాన్ని గడియారం పెట్టి కొలిస్తే, నడక నెమ్మదించింది, మాటిమాటికీ ఆగి నిలబడుతున్నారు. రోజంతా ఏం చేశారో రాయమంటే రాయడానికి వాళ్ళకేమీ తోచలేదు. ఆడవాళ్ళ పరిస్థితి వేరు, ఇంటిపని ఉండనే ఉంది కాబట్టి వాళ్ళ రోజు రోజులాగే నడిచింది. యహోదా తర్వాతి ఏళ్ళలో పదే పదే చెప్పిన మాట, ఉద్యోగం జీతంతో పాటు ఇంకొన్నిటిని కూడా ఇస్తుందని: రోజుకో ఆకారం, ఇంటి బయటి మనుషులతో సంబంధం, నలుగురితో కలిసి చేసే ఒక పని, నేను ఫలానా అని చెప్పుకోవడానికి ఒక గుర్తింపు. ఆ ఊళ్ళో మనుషులు తాగుడు మానినవాళ్ళు కారు. అయినా ఆ మగవాళ్ళ నడక గురించి చదివినప్పుడు కిటికీ దగ్గర నిలబడ్డ అన్నయ్యే కనపడ్డాడు.

చోటు సంగతి కూడా ఉంది. వియత్నాం యుద్ధం నుంచి 1971లో తిరిగొచ్చిన అమెరికా సైనికుల మీద లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు చేసిన అధ్యయనం ప్రసిద్ధమైనది. అక్కడుండగా హెరాయిన్ లాంటి మత్తుకి బానిసలయ్యామని దాదాపు ఐదో వంతు మంది చెప్పారు. ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్ళీ బానిసలైనది వాళ్ళలో నూటికి ఐదుగురే. ఈ లెక్కని పట్టుకుని "చూశారా, చోటు మారితే చాలు" అనేవాళ్ళున్నారు. నేను అంత దూరం పోను. ఆ సైనికుల్లో చాలామందికి వెనక్కి వెళ్ళడానికి మత్తు లేని ఇంకో జీవితం ఉంది, తల్లిదండ్రులున్నారు, వయసుంది. నాకు దాంట్లో పనికొచ్చిన ముక్క ఒక్కటే: పాత కుర్చీలో కూర్చోబెట్టి కొత్త మనిషివి కమ్మనడం అన్యాయం.

ఇక మాస్టారి సంగతి.

అన్నయ్య ఉండే ఇంటికి రెండిళ్ళ అవతల రిటైరైన టీచర్ ఒకాయన ఒంటరిగా ఉండేవారు. చూపు బాగా మందగించింది. పేపరు చదవలేరు, అదే ఆయన పెద్ద బాధ. అన్నయ్య నాకు ఫోన్ చేసిన కొద్ది రోజులకి ఆయనే గేటు దగ్గర నిలబడి పిలిచారట. "బాబూ, సాయంత్రాలు నీకు ఖాళీయేగా. ఏడింటికొచ్చి నాకు పేపరు చదివిపెడతావా?" అన్నయ్యకి ముందు అవమానంగా అనిపించింది. పనీపాటా లేదని ఊరందరికీ తెలిసిపోయిందే అని. "నా సంగతి మీకు తెలుసా మాస్టారూ?" అన్నాడు. "తెలుసు. గట్టిగా చదువుతావా లేదా అది చెప్పు" అన్నారాయన.

మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, మధ్యలో ఆయన వ్యాఖ్యానాలతో, రెండు గంటలు పట్టేది. నెల తిరిగేసరికి మాస్టారు ఇంటి తాళంచెవి ఒకటి అన్నయ్య చేతికిచ్చారు, తలుపు తీయడానికి లేవడం కష్టమవుతోందని. అన్నయ్య ఆ రోజు నాకు మళ్ళీ ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఆయన నాకు తాళంచెవి ఇచ్చాడురా" అని రెండు సార్లు చెప్పాడు. అప్పటికి నేను మా ఇంటి తాళంచెవి తన నుంచి వెనక్కి తీసుకుని ఏడాది దాటింది.

ఎవరికో అవసరం కావడం అనేది ఇంత పనిచేస్తుందని నాకు తెలియదు. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంస్థ పుట్టిన కథ తర్వాత చదివితే అక్కడా ఇదే. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే ఆయన వ్యాపారం మీద అమెరికాలోని ఏక్రన్ అనే ఊరికి వెళ్ళాడు. తాగుడు మాని అయిదారు నెలలైంది. వ్యాపారం బెడిసికొట్టింది. శనివారం సాయంత్రం, తెలియని ఊరు, హోటల్ లాబీలో ఒంటరిగా. ఒక పక్క బార్ నుంచి నవ్వులు, ఇంకో పక్క టెలిఫోన్. ఆయన ఫోన్ దగ్గరికి వెళ్ళి, చర్చిల జాబితాలో చూసి ఒక పాస్టర్‌కి ఫోన్ చేసి, ఈ ఊళ్ళో తాగుడుతో అవస్థ పడుతున్న మనిషెవరైనా ఉంటే నేను మాట్లాడాలి అని అడిగాడు. తనకి సాయం చేయమని అడగలేదు. తను సాయపడగల మనిషి కావాలన్నాడు. అలా దొరికిన మనిషి బాబ్ స్మిత్ అనే డాక్టరు. పావుగంట మించి కూర్చోనని చెప్పి మర్నాడు సాయంత్రం అయిదింటికి వచ్చిన ఆ డాక్టరు రాత్రి పదకొండు దాటేదాకా కదల్లేదు. ఆయన చివరిసారి తాగినట్టు చెప్పే 1935 జూన్ 10వ తేదీనే ఆ సంస్థ తన పుట్టినరోజుగా చెప్పుకుంటుంది. వాళ్ళ పద్ధతి అందరికీ నప్పుతుందని నేను అనను, అన్నయ్యకే పూర్తిగా నప్పలేదు. కానీ ఆ శనివారం సాయంత్రం మాత్రం నాకు బాగా తెలిసిన సాయంత్రం.

ఎనిమిదో నెలలో మాస్టారికి ఒంట్లో బాగోక కొడుకు వచ్చి తన దగ్గరికి తీసుకెళ్ళాడు. మూడు వారాలు. ఏడింటికి చదవడానికి ఎవరూ లేరు. పదకొండో రోజు అన్నయ్య తాగాడు.

నేను వెళ్ళి ఏమన్నానో రాయాలంటే సిగ్గుగా ఉంది. "అంతా మొదటికొచ్చింది కదా" అన్నాను. ఎనిమిది నెలల శ్రమని ఒక్క రాత్రితో కొట్టిపారేశాను. ఆ మాట ఎంత ప్రమాదమో తర్వాత తెలిసింది. అలన్ మార్లాట్ అనే మనస్తత్వవేత్త 1980లలోనే దీని గురించి వివరంగా రాశారు: మానినవాడు ఒక్కసారి జారినప్పుడు అసలు దెబ్బ ఆ ఒక్క గ్లాసు నుంచి రాదు. "నా వల్ల కాదని తేలిపోయింది, ఇంకెందుకు" అనే ఆలోచన నుంచి వస్తుంది. ఆ ఆలోచనే ఒక గ్లాసుని ఒక నెల చేస్తుంది. ఆ ఆలోచనని నేను స్వయంగా తీసుకెళ్ళి అన్నయ్య చేతిలో పెట్టాను.

2000లో ఒక ప్రసిద్ధ అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన సమీక్షలో ఈ పోలిక ఉంది. చికిత్స తర్వాత మత్తు వైపు తిరిగి జారేవాళ్ళు నూటికి నలభై నుంచి అరవై మంది. రక్తపోటు, ఉబ్బసం ఉన్నవాళ్ళలో వైద్యం తర్వాత జబ్బు తిరగబెట్టడం కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. రక్తపోటు పెరిగి మళ్ళీ ఆసుపత్రికొచ్చిన మనిషిని డాక్టరు గెంటేయడు, మందు మోతాదు మారుస్తాడు. జారడాన్ని తేలిగ్గా తీసుకోమనడం లేదు. నల్లమందు జాతి మత్తుల విషయంలో అది ప్రాణం మీదికి తెస్తుంది, ఎందుకంటే మానిన కాలంలో ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, పాత మోతాదే ఇప్పుడు చంపేస్తుంది. అందుకే జారిన మనిషి దాచుకోకుండా వెంటనే చెప్పగలగాలి. "మొదటికొచ్చింది" అనేవాడికి ఎవరు చెబుతారు?

కొత్త అలవాటు కుదురుకోవడం గురించి లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం చేసిన అధ్యయనంలో, 96 మంది రోజువారీ చిన్న చిన్న పనులు మొదలుపెడితే అవి అలవాటుగా మారడానికి సుమారు 66 రోజులు పడుతుందని అంచనా తేలింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. అవి నీళ్ళు తాగడం, నడవడం లాంటి పనులు, వ్యసనం అంత చిన్నది కాదు. అయినా ఒక రోజు తప్పితే కట్టిందంతా కూలదు అన్న సంగతి ఆ రోజుల్లో ఎవరైనా నాకు చెప్పి ఉంటే బాగుండేది.

అన్నయ్య మళ్ళీ నిలదొక్కుకున్నది నా వల్ల కాదు. మాస్టారు తిరిగొచ్చారు. "మూడు వారాల పేపర్లు దాచావా?" అని అడిగారట. పాత పేపర్లు తీసి మొదలుపెట్టారు.

అసలు చెప్పాలనుకున్న మాటకి వస్తాను. అన్నయ్య కూతురు మూడేళ్ళు వాళ్ళ నాన్నతో మాట్లాడలేదు. అందరం దాని వెంటపడ్డాం. "నాన్న మారాడమ్మా, ఒక్కసారి మాట్లాడు" అని. దానికి అవకాశం ఇవ్వడం చేతకాదన్నట్టు, మనసు రాయి అన్నట్టు మాట్లాడాం. ఒకరోజు నాతో అంది. "బాబాయ్, అమ్మ పోయిన ఏడాది పరీక్షలకి నన్ను నేనే లేపుకుని వెళ్ళాను. నాన్న కింద పడి ఉంటే దాటుకుని వెళ్ళాను. నాకు ఆయన మీద కోపం లేదు. భయం. మీరెవరూ ఆ ఇంట్లో లేరు. మీకు భయం లేదుగా, మీరివ్వండి అవకాశం."

నేను నోరెత్తలేదు. అది చెప్పింది నిజం. రెండో అవకాశం అనగానే మనం భార్య వైపు, పిల్లల వైపు, తల్లి వైపు చూస్తాం. ఎవరు ఎక్కువ గాయపడ్డారో వాళ్ళనే ముందుగా క్షమించమంటాం. వాళ్ళు క్షమించకపోతే ఆ మనిషి మళ్ళీ చెడిపోయిన పాపం కూడా వాళ్ళదే అంటాం. పక్కింటివాడు, పాత సహోద్యోగి, ఉద్యోగం ఇవ్వగలిగిన యజమాని, ఇల్లు అద్దెకివ్వగలిగినవాడు, నాలాంటి వేరే ఇంట్లో ఉండే తమ్ముడు, వీళ్ళకి పోయేది చాలా తక్కువ. అయినా ముందు తలుపు మూసేది మేమే. "ఇంట్లోవాళ్ళే నమ్మకపోతే మేమెలా నమ్ముతాం" అంటాం. తిరగేసి ఆలోచించాలి. ఇంట్లోవాళ్ళు నమ్మలేని స్థితిలో ఉన్నారు కాబట్టే బయటివాళ్ళు నమ్మాలి. గాయం లేని చేతులే ముందు బరువెత్తాలి.

నమ్మడమంటే కళ్ళు మూసుకోవడం కాదు. అన్నయ్యకి తర్వాత పనిచ్చిన ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్ యజమాని మొదటి రోజే సూటిగా చెప్పాడు. "లెక్కలు నువ్వు రాయి. డబ్బు నేను చూసుకుంటాను. ఆరు నెలలయ్యాక మళ్ళీ మాట్లాడుకుందాం." అన్నయ్య దానికి నొచ్చుకోలేదు. తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. షరతు ముఖం మీదే చెప్పారు, గడువు చెప్పారు, ఆ గడువు తర్వాత నిజంగానే కూర్చోబెట్టి మాట్లాడారు. నేనేమో షరతులేవీ లేవన్నట్టు నటిస్తూ, కౌగిలించుకున్న ప్రతిసారీ నోటి వాసన చూసేవాణ్ణి. అది తనకి తెలుసు. నేను చూస్తున్నానని తెలిసి, నాకు ఇబ్బంది కలగకూడదని ఊపిరి వదిలేవాడట. ఇది ఈ మధ్యే చెప్పాడు. నమ్మకం అప్పులాంటిది కావచ్చు, అప్పుకి గడువూ వాయిదాలూ ఉండొచ్చు. అప్పు పుట్టకుండా మాత్రం ఎవరూ మళ్ళీ ఇల్లు కట్టుకోలేరు.

దుఃఖం గురించి కొంచెం చెప్పాలి, మొదలైంది అక్కడి నుంచే కనుక. అన్నయ్య తాగుడు మానిన రెండో ఏట వదిన కోసం ఏడవడం మొదలుపెట్టాడు. అప్పటికి ఆమె పోయి నాలుగేళ్ళు. "ఇప్పుడెందుకు, మర్చిపో" అన్నారు అందరూ. దుఃఖానికి అయిదు మెట్లుంటాయని, ఒక్కొక్కటి ఎక్కి అయిపోయిందనిపించుకోవాలని చాలామంది అనుకుంటారు. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో ఆ దశల గురించి రాసింది చావుకి దగ్గర్లో ఉన్న రోగులతో మాట్లాడి. మిగిలిపోయినవాళ్ళకి టైంటేబుల్ వేయడానికి కాదు. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ చెప్పిన మాట నేను చూసినదానికి దగ్గరగా ఉంది. పోగొట్టుకున్న మనిషి రెండు ఒడ్ల మధ్య తిరుగుతుంటాడు. కాసేపు పోయినదాని వైపు, కాసేపు బతకాల్సిన దాని వైపు. ఏ ఒడ్డున అతుక్కుపోయినా కష్టమే. అన్నయ్య తాగినన్నాళ్ళూ రెండు ఒడ్లకీ పోకుండా మత్తులో ఉన్నాడు. మత్తు దిగాక మొదటి ఒడ్డుకి వెళ్ళక తప్పలేదు. పగలు ప్రెస్‌లో లెక్కలు, ఏడింటికి పేపరు, తొమ్మిదింటికి ఇంటికొచ్చి వదిన పెట్టె తెరిచి ఏడుపు. ఆ రోజులు చూసి మేము భయపడ్డాం. కౌన్సెలర్ మాత్రం "పగలు పనికి వెళ్తున్నాడు కదా, ఏడవనివ్వండి" అన్నారు. నెలలు, ఏళ్ళు గడిచినా రోజువారీ పనులే చేసుకోలేనంతగా ఉంటే దానికి వైద్యసాయం వేరే ఉంది. ఇది అది కాదు.

కోలుకున్నాడు అంటారు చాలామంది అన్నయ్యని చూసి. నాకు ఆ మాటకన్నా నిలదొక్కుకున్నాడు అన్న మాటే ఇష్టం. పాత మనిషి తిరిగి రాలేదు. పాత అన్నయ్య గట్టిగా నవ్వేవాడు, ఎవరి మాటా వినేవాడు కాదు. ఇప్పటి మనిషి నెమ్మది. ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడడు. కూతురితో ఇప్పుడు మాటలున్నాయి. నెలకి రెండు మూడు సార్లు ఫోన్లో, పుట్టినరోజుకి ఒకసారి కలవడం. అంతకన్నా దగ్గరవుతుందో లేదో తెలియదు. అడగొద్దని మా అందరికీ అన్నయ్యే చెప్పాడు. "దాని వేగం దానిది" అన్నాడు.

మాస్టారు పోయినేడాది పోయారు. ఆ వారమంతా నేను వెళ్ళి అన్నయ్య దగ్గరే ఉన్నాను. మొదటి రోజు ఏడు కాగానే లేచి చెప్పులేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, వెనక్కొచ్చి కూర్చున్నాడు. తాళంచెవి జేబులోనే ఉంది. కాసేపటికి నేను పేపరు తీసి చదవడం మొదలుపెట్టాను. నాకు అంత బాగా రాదు. "పేరాకీ పేరాకీ మధ్య ఆగు, వినేవాడు ఏదో అనాలనుకుంటాడు" అన్నాడు.

ఇప్పుడు వారంలో ఆరు రోజులు సాయంత్రం సెంటర్‌కి వెళ్ళి, కొత్తగా వచ్చినవాళ్ళ పక్కన కూర్చుంటాడు. వాళ్ళకి ఏమీ చెప్పడట, పేపరు చదువుతాడట. ఆదివారం సెంటర్‌లో బయటివాళ్ళని రానివ్వరు. ఆదివారాలు ఇంకా కష్టమే అంటాడు. అందుకని ఆదివారం ఆరూ యాభైకి నేను ఫోన్ చేస్తాను. మాట్లాడుకోవడానికి ఒక్కోసారి ఏమీ ఉండదు. ఫోన్ అలాగే ఉంచి, తన పని తను, నా పని నేను చేసుకుంటాం.